షోస్టకోవిచ్ ఎనిమిదో క్వార్టెట్: నాకు నలుగురే చాలు

ఏళ్ల తరబడి వింటున్నా నాకు పాతబడని పాశ్చాత్య సంగీతం ఏదంటే సోవియట్ స్వరకర్త షోస్టకోవిచ్ ఎనిమిదో స్ట్రింగ్ క్వార్టెట్ పేరే ముందు చెబుతాను. స్ట్రింగ్ క్వార్టెట్ అంటే రెండు వయొలిన్లు, కాస్త పెద్దదైన వయోలా, ఇంకా పెద్దదైన చెల్లో కలిపి నలుగురు వాయించే రచన. ఇరవై నిమిషాలు, ఐదు భాగాలు, మధ్యలో ఎక్కడా ఆగదు. దీని రెండు రూపాంతరాలు కూడా నా ఫోన్‌లో ఎప్పుడూ ఉంటాయి: కండక్టర్ రుడాల్ఫ్ బర్షాయ్ తీగవాద్యాల ఆర్కెస్ట్రాకు మార్చిన ఛాంబర్ సింఫనీ (ఓపస్, అంటే రచన సంఖ్య, 110ఎ), పియానిస్టు బోరిస్ గిల్ట్‌బర్గ్ ఒక్క పియానో మీదికి తెచ్చినది.

మొదట చెల్లో ఒక్కటే నాలుగు స్వరాలు పలుకుతుంది: డి, ఇ ఫ్లాట్, సి, బి. జర్మన్ పద్ధతిలో ఇవి డి, ఎస్, సి, హెచ్. జర్మన్‌లో షోస్టకోవిచ్ పేరు Sch తో మొదలవుతుంది కాబట్టి ఇది డి. షోస్టకోవిచ్ అని స్వరాల్లో పెట్టిన సంతకం. సి షడ్జమం అనుకుంటే రి గ స ని, మన కీరవాణిలో ఉన్నవే. కాకపోతే గమకం జోలికి పోడు, ఒక్కో స్వరాన్నీ అలా పెట్టి వదిలేస్తాడు. చెల్లో తర్వాత వయోలా, ఆపైన రెండో వయొలిన్, చివరికి మొదటి వయొలిన్ ఆ సంతకాన్నే అందుకుంటాయి. ఈ ఒక్క నిమిషం నచ్చితే మిగతాదంతా నచ్చుతుంది, నచ్చకపోతే బలవంతం చేసుకోనక్కర్లేదు.

1960 జూలైలో ఒక సినిమాకు సంగీతం రాయడానికి జర్మనీలోని డ్రెస్డెన్ వైపు వెళ్లిన మనిషి, దగ్గర్లోని గోరిష్‌లో కూర్చుని మూడు రోజుల్లో ఇది రాసేశాడు. అంకితం ఫాసిజానికీ యుద్ధానికీ బలైనవాళ్లకు. మిత్రుడు గ్లిక్‌మన్‌కు రాసిన ఉత్తరంలో మాత్రం, తను పోయాక తన స్మృతికి ఎవరూ ఏదీ రాయరు కాబట్టి తానే రాసుకున్నానన్నాడు. కమ్యూనిస్టు పార్టీలో చేరమని ఒత్తిడి వచ్చిందీ ఆ ఏడాదే. నాకు ఉత్తరమే నిజమనిపిస్తుంది. లోపలంతా తన పాత రచనల ముక్కలే మరి: మొదటి సింఫనీ, రెండో పియానో ట్రయో (పియానో, వయొలిన్, చెల్లో ముగ్గురి రచన), అంతకు ముందు ఏడాదే రాసిన చెల్లో కన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి చెల్లో ప్రధానంగా వాయించేది).

బర్షాయ్ వెర్షన్‌తో నా పేచీ ఇక్కడే. ఆయన బోరోదిన్ క్వార్టెట్ అనే నలుగురి బృందం తొలినాళ్లలో వయోలా వాయించినవాడు, మార్పు కూడా షోస్టకోవిచ్ సమ్మతితోనే చేశాడు. పనితనానికి వంక పెట్టలేం. రెండో భాగంలో ట్రయోలోని యూదు బాణీ విరుచుకుపడే చోట ఆర్కెస్ట్రాలో ఒళ్లు జలదరిస్తుంది. నాలుగో భాగంలో ఒక స్వరాన్ని సన్నగా సాగదీస్తూ ఉండగా, ధన్ ధన్ ధన్ అని మూడు దెబ్బలు పడతాయి. బాంబులంటారు కొందరు, అర్ధరాత్రి తలుపు కొట్టిన పోలీసులంటారు కొందరు. డబుల్ బేస్‌లు కలిసేసరికి ఆ దెబ్బలు నిజంగానే గోడలు అదిరేలా ఉంటాయి. అయితే అంతమంది కలిసి వాయిస్తుంటే అది సంతాపసభ అయిపోతుంది. అంకితానికి అది సరిపోతుందేమో, ఉత్తరానికి సరిపోదు. నలుగురే వాయించినప్పుడు ఆ దెబ్బల్లో విల్లు తీగను రాసుకునే గరగర కూడా వినిపిస్తుంది. నాకు భయం వేసేది దానికే.

పియానో వెర్షన్ మీద నేనేమీ ఆశ పెట్టుకోలేదు గానీ, రెండో భాగంలో గిల్ట్‌బర్గ్ దుమ్ము దులిపేశాడు. స్వరం మీద స్వరం ఎలా పేర్చాడో విడివిడిగా తెలుస్తుంది. నాలుగో భాగానికొచ్చేసరికి మాత్రం వాద్యం సహకరించదు. పియానోలో మోగిన స్వరం మరుక్షణం నుంచీ తగ్గుతూ పోవాల్సిందే, సాగదీసి నిలబెట్టడం కుదరదు.

వాడకం గురించి రెండు మాటలు. బస్సులో ఇయర్‌ఫోన్స్‌తో వినకండి. మెల్లగా సాగే చోట్ల ఏమీ వినపడదు, సౌండ్ పెంచితే రెండో భాగం చెవులు చిల్లులు పొడుస్తుంది. యాప్‌లో భాగానికీ భాగానికీ మధ్య గ్యాప్ లేకుండా సెట్టింగ్ మార్చుకోండి. నేను మొదట్లో వాడిన యాప్ సరిగ్గా మూడో భాగంలోని వాల్ట్జ్ అనే నృత్య బాణీ ముందు ప్రకటన వేసేది, ప్రాణం ఉసూరుమనేది.

కొత్తవాళ్లు బర్షాయ్ స్వయంగా ఛాంబర్ ఆర్కెస్ట్రా ఆఫ్ యూరప్‌తో చేసిన రికార్డింగ్‌తో మొదలుపెట్టొచ్చు, చెవికి సులువు. ఆ తర్వాత బోరోదిన్ క్వార్టెట్ వినండి. దూకుడు కావాలంటే క్రోనోస్ క్వార్టెట్ ఉంది. నేను మాత్రం తిరిగి తిరిగి బోరోదిన్ వాళ్ల దగ్గరికే వస్తాను.