‘మెయింటెనెన్స్’ బోర్డు వెనక ఏముందో చూసుకుని టికెట్ కొనండి

ఊరి బయటి అమ్యూజ్‌మెంట్ పార్కే. పేరు రాయను, సెలవులు దగ్గర పడగానే బస్సుల వెనక బ్యానర్లు మీరూ చూసే ఉంటారు. బ్యానర్ నిండా ఎర్ర రోలర్ కోస్టర్. ఆ ఎర్ర కోస్టర్ నడవడం లేదు. కొలంబస్ అనే ఊగే ఓడ కూడా లేదు. ఐదు వాటర్ స్లైడుల్లో రెండిటికి తాడు కట్టేశారు. టికెట్ మాత్రం నిండు ధర, పైన 18 శాతం జీఎస్టీ, నలుగురికి ఆరు వేల పైచిలుకు. ముందే ఆన్‌లైన్‌లో కొంటే వంద తగ్గింపు అన్నారు. తగ్గింపు అనగానే ఆగని చెయ్యి నాది, అనుభవించాలిగా.

రైడ్ ఆపారని కాదు కోపం. గేటు పక్క కౌంటర్లో అడిగితే వచ్చిన జవాబు ఇదీ: “మీ సేఫ్టీ కోసమే కదా సార్ ఆపాం. రేపు ఏదన్నా అయితే మళ్లీ మీరే అడుగుతారు.” డబ్బు తీసుకుని, పైగా ప్రాణదానం చేసినట్టు ఆ నవ్వు! తర్వాత టికెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల మీద వేలు పెట్టి చూపించాడు, రైడ్లు ఎప్పుడైనా ఆపే హక్కు యాజమాన్యానిది అని. సరే, ఎప్పటి నుంచి ఆపారు అంటే నోరు పెగల్లేదు. కోస్టర్ దగ్గర కాపలా ఉన్న కుర్రాడే చెప్పాడు, “సంక్రాంతి నుంచి అంతే సార్.” దసరా సెలవుల్లో ఈ మాట!

సేఫ్టీ కోసం ఆపిన రైడ్ వేరు, వదిలేసిన రైడ్ వేరు. క్యూ లైన్ కంచె ఇవతల నుంచే తేడా తెలుస్తుంది. కోస్టర్ చక్రాలకు యురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్ టైరు ఉంటుంది. పట్టా పైన దొర్లేవి ఒక జత, పక్కల నుంచి ఒత్తేవి ఒక జత, బండి పైకి లేవకుండా కింద నుంచి పట్టుకునేవి ఇంకో జత. రోజూ తిరిగే రైడ్ అయితే ఈ చక్రాలు తాకే మేర పట్టా మీద నునుపైన చార కనిపిస్తుంది. మనుషుల్ని ఎక్కించకపోయినా, పొద్దున ఖాళీగా తిప్పి చూసినా ఆ చార చెరగదు. ఇక్కడ పట్టా అంతా ఒకే రంగు, కాఫీ పొడి చల్లినట్టు తుప్పు. బండిని ఎత్తుకి లాగే లిఫ్ట్ చైను ఎండిపోయి బూడిద రంగుకి వచ్చింది, లింకుల మధ్య సాలెగూడు. మెయింటెనెన్స్ చేసే చోట చైను నూనెతో నల్లగా మెరుస్తుంది, బండి షెడ్డులో ఉంటుంది, చక్రాలు ఊడదీసి వరసగా పెడతారు. ఇరుసుల్నీ పిన్నుల్నీ పగుళ్ల కోసం రంగు పూసి చూస్తారు. ఇక్కడ బండి ఎండలో స్టేషన్లోనే నిలబడి ఉంది. అలా నెలల తరబడి ఒకే చోట నిలబెడితే బరువు పడే చోట టైరు చదును అవుతుంది. తర్వాత తిప్పినా దడదడ కొడుతుంది, ఆ అదురు బేరింగుల్ని తినేస్తుంది.

నాలుగో పెట్టెలో ఒళ్లో పడే బార్ లేదు. పోలేదు, తీశారు. అసలు కథ అక్కడే ఉంది. రెండు బండ్లతో వచ్చిన కోస్టర్‌కి విడిభాగాలు దొరక్కపోతే ఒక బండిని కోసి రెండోదానికి తినిపిస్తారు. కొన్నాళ్లకి రెండోదీ ఆగుతుంది. తయారీ కంపెనీలే మూతపడ్డాయి మరి. అమెరికాలో ఎన్నో పాత కోస్టర్లు కట్టిన యారో డైనమిక్స్ 2001లో దివాలా తీసింది. అప్పుడు యజమానులు ఊళ్లో లేత్ దగ్గరికి పోయి పిన్ను తిప్పించుకొస్తారు. కొలత సరిపోతుంది, ఉక్కు రకం సరిపోదు. వేడి చేసి గట్టిపరచని పిన్ను త్వరగా అరుగుతుంది, మరీ గట్టిపడితే చెప్పకుండా విరుగుతుంది. అలాంటి పిన్నుతో నడపడం కంటే ఆపడమే నయం. కానీ ఆపినదాన్ని బ్యానర్ మీద అమ్మడం ఏ సేఫ్టీ?

పాతది కాబట్టి పనికిరాదని కాదు. న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో చెక్క కోస్టర్ సైక్లోన్ 1927 నాటిది, అరిగిన చెక్క మారుస్తూ ఇప్పటికీ తిప్పుతున్నారు. అమెరికాలోనే సీడార్ పాయింట్ పార్కులో 1991 నాటి చెక్క కోస్టర్ మీన్ స్ట్రీక్ ఒళ్లు హూనం చేస్తోందని 2016లో ఆపి, చెక్క కట్టడం చాలావరకు ఉంచి, పైన ఉక్కు పట్టా వేసి 2018లో స్టీల్ వెంజెన్స్ పేరుతో తెరిచారు. మూసేటప్పుడు మూస్తున్నామని చెప్పారు! కొత్తదైతే చాలు అనుకోవడమూ తప్పే. అమెరికాలో షార్లెట్ ఊళ్లో ఉండే మనవాళ్లకి గుర్తుండే ఉంటుంది, అక్కడి కారోవిండ్స్ పార్కులో ఫ్యూరీ 325 కోస్టర్ తెరిచింది 2015లో, 2023 జూన్‌లో దాని స్తంభం పగిలి ఉండటం ముందు చూసింది ఒక సందర్శకుడు. మన దగ్గర 2019 జులై 14న అహ్మదాబాద్ కాంకరియాలో ఊగే రైడ్ గాల్లో ఉండగానే విరిగి ఇద్దరు పోయారు. అలాంటివి జరిగిన దేశంలో ‘మీ సేఫ్టీ’ అనే మాటని టికెట్ డబ్బు నొక్కేయడానికి వాడుకోవడానికి మనసెలా వస్తుందో.

నడుస్తున్న వాటి సంగతీ చెప్తాను. ఫైబర్ స్లైడు మీద నున్నటి పూత ఉంటుంది. అది ఎండకీ క్లోరిన్‌కీ పోతే కింద గాజు పీచు తేలుతుంది. చేత్తో రుద్ది చూడండి, సుద్దలా తెల్లపొడి అంటితే పూత చివరికొచ్చినట్టు. జారి వచ్చాక మోచేతులు దురద పెడితే అది నీళ్ల వల్లే అనుకోకండి. ముక్కలు కలిసే జాయింట్ దగ్గర దిగువ ముక్క అంచు ఎగువ దానికంటే పైకి ఉండకూడదు, ఉంటే వీపు గీరుకుపోతుంది. ఇక్కడ నీలం స్లైడులో రెండో మలుపు దగ్గర అదే. పక్కన నడిచే చిన్న కోస్టర్‌కి 24 సీట్లు, ఉన్నది ఒక్క బండి, ఎక్కించి దింపి తిరిగొచ్చేసరికి ఐదు నిమిషాలు. అంటే గంటకి 288 మంది. లైన్లో నా ముందు నాలుగొందల మంది. లెక్క మీరే వేసుకోండి.

కొనేవాళ్లకి రెండు మాటలు. వెబ్‌సైట్ చూడొద్దు, ఫోన్ చేసి “రేపు ఆగి ఉన్న రైడ్లు ఏవి” అని పేరు పేరునా అడగండి, వాట్సాప్‌లో రాయించుకోండి. మోసపోయాక అయితే మూసిన బోర్డు, తుప్పు పట్టా, టికెట్ రెండు వైపులా ఫొటోలు తీసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. రీఫండ్ లేదని టికెట్ మీద అచ్చేసుకున్నంత మాత్రాన అది చట్టం అయిపోదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు.

ఆ, లాకర్ డిపాజిట్ రెండొందలు. తాళం ఇచ్చేటప్పుడు అడిగి తీసుకోండి, వాళ్లంతట వాళ్లు ఇవ్వరు.