పాత 207కి జరిపే వెనకద్దం వేయించాక

మా టాటా 207 పికప్ బండికి ఏసీ లేదు. మే నెల మధ్యాహ్నం లోడుతో చెన్నై మాధవరం దగ్గర ఇరుక్కుంటే ఎలా ఉంటుందో ఆ రూట్లో తిరిగేవాళ్లకి చెప్పక్కర్లేదు. క్యాబిన్ వెనక ఫిక్స్‌డ్ అద్దం తీయించి స్లైడింగ్ వేయించాక ప్రాణం లేచొచ్చింది. జానెడు జరిపితే చాలు, ముందు నుంచి వచ్చే గాలి మెడ పక్కగా వెనక్కి పోతుంది. రివర్స్ చేసేటప్పుడు క్లీనర్ 'వా, వా' అనడం కూడా నేరుగా చెవిలో పడుతుంది. కనబడ్డవాళ్లందరికీ వేయించుకోమని చెప్పాను, అక్టోబరు వానలు మొదలయ్యేదాకా.

ఒకరోజు రెడ్‌హిల్స్ మిల్లు నుంచి వస్తుంటే నడుం దగ్గర చల్లగా తగిలింది. సీటు వెనక చెయ్యి పెడితే నీళ్లు. అక్కడే ఉంచిన ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్స్ కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అద్దం బిగించిన పుదుపేట షాపువాడు రబ్బరు బీడింగ్ సరిగా కూర్చోలేదని చెప్పి కింద అంచు పొడవునా సిలికాన్ పూసేశాడు. తర్వాతి వానకి ఇంకా ఎక్కువ కారింది!

చివరికి క్లీనరే కనిపెట్టాడు. అద్దం జరిగే కింది చానల్‌కి బయటివైపు సన్నటి బెజ్జాలుంటాయి, పడ్డ నీళ్లు అటే పోవాలి. మేం వేసే తవుడు బస్తాల దుమ్ము తడిసి ముద్దయి సగం బెజ్జాల్ని మూసేసింది. మిగతా సగాన్ని ఆ మహానుభావుడి సిలికాన్ మూసింది. చానల్ నిండి నీళ్లు లోపలికి పొర్లాయి. బ్లేడుతో గీకి, గుండుసూదితో పొడిచి, బాటిల్ నీళ్లు పోసి చూస్తే బయటికే కారాయి. ఆ తర్వాత క్యాబిన్ తడవలేదు. కాకపోతే తవుడు లోడు దింపిన ప్రతిసారీ పాత టూత్‌బ్రష్‌తో చానల్ శుభ్రం చెయ్యాలి.

గాలి సంగతి చెప్పాను కానీ, తవుడు ఉన్న రోజు అద్దం తెరవలేం. పక్క అద్దాలు మూసి వెనకది ఒక్కటే తెరిస్తే పొగ కూడా లోపలికి లాగుతుంది. గొళ్లెం ప్లాస్టిక్‌దే అయినా, వెనక ఇనప గ్రిల్ ఉంది కాబట్టి నాకు టెన్షన్ లేదు. ఉన్న అద్దాన్నే కోసి జరిపేలా చేస్తామంటే మాత్రం నమ్మకండి. టఫెన్డ్ అద్దం కోస్తే పలుకులై రాలిపోతుంది, ఫ్రేముతో సహా కొత్తదే కావాలి.

నాది పగటి తిరుగుడు, బండి అమ్మే ఆలోచనా లేదు, కాబట్టి నాకు గిట్టింది. 'నేనూ వేయించనా బావా' అని మా బావమరిది అడుగుతున్నాడు. వాడివన్నీ రాత్రి లోడ్లు, పైగా తవుడే ఎక్కువ. ఇంకా ఏమీ చెప్పలేదు.