బడి పైకప్పు రేకులు: పెయింట్ వేసి ఉంచాలా, దించేయాలా?

కడప జిల్లాలో పులివెందుల వైపు రాతినార (ఆస్బెస్టాస్) గనులు ఉండేవి, కాబట్టి ఈ పేరు మనకు కొత్త కాదు. బడి వరండాల మీద, వంటగదుల మీద కనిపించే పాత ఆస్బెస్టాస్ రేకుల్లో సుమారు పదో వంతు ఆ నారే.

రేకు గట్టిగా, పగుళ్లు లేకుండా ఉంటే కదపకపోవడమే మేలు. నార సిమెంటులో బిగుసుకుని ఉన్నంతకాలం గాలిలోకి పెద్దగా రాదు. ఇనుప బ్రష్షుతో రుద్దకుండా, తడిగుడ్డతో తుడిచి, ఆరాక పెయింట్ వేయొచ్చు. ఖర్చు తక్కువ, తరగతులూ ఆగవు. కానీ ఏటా వానలకు ముందు చూసుకోవాలి, వైరు కోసమనో ఫ్యాను కోసమనో ఎవరూ డ్రిల్లింగ్ చేయకుండా ఆపాలి. కోతులు గెంతే ఊళ్లలో నాకైతే ఈ దారి మీద నమ్మకం తక్కువ.

పగిలి, అంచులు పొడిగా రాలుతుంటే దించేయాల్సిందే. అయితే అసలు ప్రమాదం దించేటప్పుడే. సుత్తితో కొట్టి కింద పడేస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దానివల్ల వచ్చే క్యాన్సర్ 20, 30, 40 ఏళ్ల తర్వాత కూడా బయటపడుతుంది. పిల్లల విషయంలో నాకు టెన్షన్ అంతా అదే. అందుకే వేసవి సెలవుల్లో, రేకులు తడిపి, బోల్టులు విప్పి, ఒక్కొక్కటిగా దించాలి. రేకు మీద కాలు పెడితే విరిగి మనిషి పడిపోతాడు. పనివాళ్లకు గుడ్డ మాస్కు చాలదు, సన్నటి దుమ్మును కూడా ఆపే పీ100 లాంటి ఫిల్టరు ఉన్న మాస్కు కావాలి. ముక్కల్ని మందపాటి పాలిథిన్‌లో రెండు పొరలు చుట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటికే పంపాలి. పొడి చీపురుతో ఊడవకూడదు. పాత రేకుల్ని ఎవరి పశువుల కొట్టానికో ఇచ్చేయడం మాత్రం వద్దే వద్దు.