మోలే కోసం హ్యూస్టన్ ట్రిప్, రెండు రోజులు

డల్లాస్ నుంచి నాలుగు గంటల డ్రైవ్, నేనూ మా ఆవిడా ఈసారి అచ్చంగా తినడానికే వెళ్ళాం, ముఖ్యంగా మోలే, అంటే ఎండుమిరపకాయలు, గింజలు, మసాలాలు నూరి చేసే మెక్సికన్ గ్రేవీ కోసం. డౌన్‌టౌన్‌లో దిగిన హోటల్లో రూమ్ నీట్‌గా ఉంది కానీ పార్కింగ్‌కి రాత్రికింతని విడిగా వేశారు, బుకింగ్‌లో ఆ మాటే లేదు, మీరు ఎక్కడ దిగినా ముందే అడిగి కనుక్కోండి.

శనివారం మధ్యాహ్నం నావిగేషన్ బులవార్డ్‌లో ఒరిజినల్ నిన్ఫాస్ అనే రెస్టారెంట్‌కి వెళ్ళాం. నిన్ఫా లొరెంజో భర్త పోయాక 1973లో తన టోర్టియా (మెక్సికన్ రొట్టె) ఫ్యాక్టరీలోనే పది టేబుళ్ళు వేసి మొదలుపెట్టారంట. ఆవిడ టెక్సాస్‌లోనే పుట్టారు, అందుకే అక్కడి ఫహీతాల్లో (టోర్టియాలో చుట్టుకుని తినే కాల్చిన మాంసం) టెక్సాస్, మెక్సికో రెండూ కలిసిపోయి ఉంటాయి. బాగుంది, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఇదే బెస్ట్.

కానీ నా మనసంతా హ్యూగో ఒర్తేగా వంట మీదే. 1984లో మెక్సికో నుంచి వచ్చి, బ్యాక్‌స్ట్రీట్ కెఫేలో గిన్నెలు కడిగే పనిలో చేరి, 2002లో హ్యూగోస్ అనే రెస్టారెంట్ తెరిచి, 2017లో అమెరికాలో వంటవాళ్ళకిచ్చే పెద్ద అవార్డు జేమ్స్ బియర్డ్ తీసుకున్న మనిషి. చిన్నప్పుడు కొన్నేళ్ళు మెక్సికోలోని ప్వెబ్లా కొండల్లో అమ్మమ్మ దగ్గర పెరిగారు. రాత్రికి వాళ్ళదే ఇంకో రెస్టారెంట్ షోచీకి వెళ్ళాం, అక్కడ మొత్తం మెక్సికోలోని వహాకా రాష్ట్రం వంటే, మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడికించి రుబ్బి టోర్టియాలు చేస్తారు, చాక్లెట్, స్వీట్లు ఆయన తమ్ముడు రూబెన్ చూసుకుంటారు. వేయించిన మిడతలు కూడా ఉన్నాయి, నిమ్మకాయ, కారం పట్టించి కరకరలాడుతూ, నేను తిన్నాను, మా ఆవిడ ముట్టుకోలేదు.

నల్ల మోలే ఒక ముద్ద నోట్లో పెట్టుకోగానే మా అమ్మ చేసే గుత్తి వంకాయ కూర గుర్తొచ్చింది, ఎండుమిరపకాయలు, నువ్వులు మాడీమాడకుండా వేయించి నూరితే వచ్చే ఆ వాసనే, దాని వెనకాల చాక్లెట్ చేదు. అసలు మన కూరలో పడే మిరపా, పల్లీ రెండూ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే కదా!

హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళు) అన్న మాట అమెరికా ఫారాల్లో ఒక గడి, అంతే. ఈ వంటవాళ్ళు ప్లేట్‌లో పెట్టేది ప్వెబ్లా, వహాకా, అంటే ఊరూ, అమ్మమ్మ. మనల్ని కూడా బటర్ చికెన్‌తో సరిపెట్టేస్తుంటే గోంగూర గురించి ఎంత చెప్పాలనిపిస్తుందో, నాకు అది ఇక్కడ బాగా అర్థమైంది.

ఆదివారం మాంట్రోస్‌లో హ్యూగోస్ బ్రంచ్, బఫే, పక్కనే పాటలు, ఖర్చు ఎక్కువే కానీ మూడింట్లో నా ఓటు దీనికే. రిజర్వేషన్ చేసుకునే వెళ్ళండి. వెజ్ వాళ్ళు మాత్రం బీన్స్‌లో పంది కొవ్వు, మోలేలో చికెన్ నీళ్ళు పడ్డాయేమో అడగండి, మేం అడిగితే వెయిటర్ విసుక్కోకుండా ఒక్కొక్క గిన్నే చూపించి చెప్పాడు.