ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ కొనాలంటే ముందు గిన్నె చూడండి

కొన్నేళ్లుగా దాదాపు రోజూ వాడుతున్నాను కాబట్టి ముందే తేల్చి చెప్పేస్తాను: ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ మంచి వస్తువే, మళ్లీ కొనాల్సొచ్చినా కొంటాను, కానీ వంట చిటికెలో అయిపోతుందన్న ఆశతో మాత్రం ఎవరూ కొనకండి. వేగం సంగతికొస్తే స్టవ్ మీది కుక్కరే ముందుంటుంది. దాని లోపల ప్రెషర్ సుమారు 15 పీఎస్ఐ (ప్రెషర్‌ని కొలిచే యూనిట్) దాకా వెళ్తుంది, అంటే నీళ్లు 121 డిగ్రీల వేడిలో ఉంటాయి. ఎలక్ట్రిక్ కుక్కర్లు చాలావరకు 10 నుంచి 12 పీఎస్ఐ మధ్య పనిచేస్తాయి, వేడి 115 నుంచి 118 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. నాలుగైదు డిగ్రీలేగా అనిపిస్తుంది గానీ గింజలు ఉడికేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది, స్టవ్ కుక్కర్‌కి అలవాటైన టైమే ఇక్కడా పెడితే లోపల పలుకు మిగిలిపోతుంది.

మరెందుకు కొనాలి అంటే, పక్కన నిలబడక్కర్లేదు. విజిల్స్ లెక్కపెట్టడం ఉండదు, మంట తగ్గించానో లేదో అన్న టెన్షన్ ఉండదు, టైమ్ అయిపోయాక తనంతట తానే ఆగి వంటని వేడిగా పట్టి ఉంచుతుంది. వంట పెట్టేసి ఇంకో గదిలో పని చూసుకోవచ్చు, పిల్లల దగ్గర కూర్చోవచ్చు, స్నానం చేసి రావచ్చు. నా లెక్కలో దీని విలువంతా ఇక్కడే ఉంది.

టైమ్ గురించి పెట్టె మీద రాసేదాన్ని నమ్మకండి. 20 నిమిషాలు అని పెడితే ఆ 20 మొదలయ్యేది లోపల పూర్తి ప్రెషర్ వచ్చాకే, అది రావడానికే పది పదిహేను నిమిషాలు పడుతుంది, గిన్నె నిండుగా ఉన్నా ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి సరుకు వేసినా ఇంకా ఎక్కువే. ఉడికాక ప్రెషర్ దానంతట అది దిగడానికి మరో 10 నుంచి 25 నిమిషాలు. అంటే 20 నిమిషాల వంటకి ముప్పావుగంట పైనే అనుకుని మొదలుపెట్టాలి. చన్నీళ్లకి బదులు వేన్నీళ్లు పోస్తే మొదటి భాగం బాగా తగ్గుతుంది, నేను ఎప్పుడూ అదే చేస్తాను.

మూత మీద ఆవిరి వదిలే వాల్వ్ పక్కన చిన్న మెటల్ పిన్ను ఉంటుంది చూడండి, దాన్ని గమనించడం అలవాటు చేసుకుంటే సగం సమస్యలు తెలిసిపోతాయి. మొదట్లో అది కిందికి దిగి ఉంటుంది. నీళ్లు మరగడం మొదలయ్యాక దాని చుట్టూ సన్నగా ఆవిరి చిమ్ముతుంది, అక్కడక్కడా నీటి బొట్లు బుసబుసలాడతాయి, పిన్ను ఒకటి రెండుసార్లు వణికి టక్కున పైకి లేస్తుంది, అంతే, చప్పుడంతా ఆగిపోతుంది. మూత లాక్ పడిందని అర్థం. పావుగంట దాటినా అది లేవకుండా ఆవిరి పోతూనే ఉంటే రబ్బరు గాడిలో సరిగ్గా కూర్చోలేదు, లేదా వాల్వ్ తెరిచి ఉంది, లేదా లోపల నీళ్లు చాలలేదు. ఈ మూడిట్లో ఒకటే అయ్యుంటుంది, రిపేరుకి ఇచ్చేముందు ఇవి చూసుకోండి.

ఇక కొనడం. 2010లో కెనడా నుంచి ఇన్‌స్టంట్ పాట్ వచ్చాక ఈ రకం కుక్కర్లు ఇళ్లలో బాగా పాకాయి, అప్పట్నుంచి కంపెనీలన్నీ బటన్ల సంఖ్యతో పోటీ పడుతున్నాయి. ఆ బటన్లకి లొంగకండి. మాంసం బటన్, గింజల బటన్, సూప్ బటన్ అని రాసి ఉన్నవాటిలో చాలావరకు ఒకే ప్రెషర్‌లో వేర్వేరు టైములు ముందే పెట్టి ఉంచినవి. ఈ వంట బటన్లలో నేను వాడేవి మూడే: టైమ్ మనమే పెట్టుకునే ప్రెషర్ బటన్, మూత తీసి వేయించుకునే బటన్, వేడిగా ఉంచేది. పెరుగు తోడుపెట్టే మోడ్ ఉంటే సుమారు 43 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచుతుంది, ఇంట్లో పెరుగు చేసుకునేవాళ్లకి అది నిజంగా పనికొస్తుంది. సన్నటి సెగ మీద గంటల తరబడి ఉడికించే స్లో కుక్ మోడ్ మాత్రం నాకు నచ్చలేదు, వేడి అడుగు నుంచే వస్తుంది కాబట్టి ఆ పని కోసమే చేసిన పాత్రలంత సమంగా చేయదు. పైగా రాజ్మా గింజలు పచ్చివి అందులో అస్సలు వేయకండి. వాటిలో ఉండే లెక్టిన్ అనే విషపు ప్రోటీన్ పోవాలంటే గింజలు గట్టిగా మరగాలి, తక్కువ వేడిలో అది పోదు సరికదా ఇంకా ఎక్కువ హాని చేసే అవకాశం ఉంది, తిన్న కొన్ని గంటల్లోనే వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి. నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ప్రెషర్‌లో పూర్తిగా ఉడికిస్తే ఏ భయమూ లేదు.

సైజు విషయంలో ఒక మెలిక ఉంది. 6 లీటర్లు అని రాసింది అంచు దాకా లెక్క. మామూలు వంటకి మూడింట రెండొంతులు మించి నింపకూడదు, అంటే 4 లీటర్లు. ఉబ్బేవీ నురుగొచ్చేవీ అయితే, అంటే బియ్యం, పప్పులు, గింజలు లాంటివి, సగమే, అంటే 3 లీటర్లు. ఈ లెక్క చూసుకుంటే నలుగురున్న ఇంటికి 6 లీటర్లది సరిపోతుంది, ఒక్కరూ ఇద్దరూ అయితే 3 లీటర్లది చాలు. పెద్దది ఎప్పటికైనా పనికొస్తుందని 8 లీటర్లది తీసుకునేముందు ఒకటి ఆలోచించండి: 6 లీటర్లవి సుమారు 1000 వాట్లు, 8 లీటర్లవి సుమారు 1200 వాట్లు ఉంటాయి, గిన్నె పెరిగినంతగా వేడి పెరగదు, నిండుగా పెడితే ప్రెషర్ రావడానికి ఆలస్యమవుతుంది. కొంచెమే వండుదామన్నా కనీసం పోయాల్సిన నీళ్లు కూడా దాంట్లో ఎక్కువే.

అన్నిటికంటే ముఖ్యం లోపలి గిన్నె. నాన్‌స్టిక్ పూత ఉన్నది మొదట్లో ముద్దొస్తుంది, అన్నం అంటుకోదు, కడగడం తేలిక. కానీ ఇందులో వేయించడం, ఉడికించడం, వడ్డించడం అన్నీ ఆ ఒక్క గిన్నెలోనే కదా, గరిటె తగిలీ తోమీ తోమీ కొన్నాళ్లకి పూత గీతలు పడి లేస్తుంది. నా ఓటు అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెకే. దాంట్లో అన్నం అడుగున కాస్త పట్టుకుంటుంది, నిజమే, అయితే ఉడికాక పది నిమిషాలు మూత తీయకుండా వదిలేస్తే ఆ పొర మెత్తబడి విడిపోతుంది. ఎంత మాడినా పీచుతో గట్టిగా రుద్దొచ్చు, ఇంద్రధనస్సు రంగుల మరకలు పడితే కాస్త వెనిగర్ వేసి తుడిస్తే పోతాయి. కొనేముందు అదే మోడల్‌కి గిన్నె, రబ్బరు విడిగా దొరుకుతాయో లేదో తప్పక కనుక్కోండి. పదిహేను బటన్లుండి రబ్బరు దొరకని కుక్కర్ కంటే మూడే బటన్లుండి విడిభాగాలన్నీ దొరికే కుక్కర్ వంద రెట్లు మేలు, ఈ మాట నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

ఎందుకంటే ముందు పాడయ్యేది ఆ రబ్బరే. సిలికాన్ వాసనల్ని పట్టేసుకుంటుంది. వెల్లుల్లీ మసాలాలూ వేసిన మాంసం వండాక ఆ రబ్బర్ని సబ్బుతో కడిగి ఆరబెట్టి, మర్నాడు ముక్కు దగ్గర పెట్టుకు చూడండి, నిన్నటి వంట మొత్తం అందులోనే ఉంటుంది. ఎండలో పెట్టడం, నిమ్మకాయ ముక్కలతో ఆవిరి పట్టించడం లాంటివి కొంత తగ్గిస్తాయి, పూర్తిగా పోగొట్టవు. సరైన దారి రెండు రబ్బర్లు పెట్టుకోవడం, ఒకటి కారాలకి, ఒకటి తీపి వంటలకీ పెరుగుకీ. వాడనప్పుడు మూతని బిగించకుండా బోర్లా తిప్పి గిన్నె మీద పెడితే వాసన లోపల ముక్కిపోదు. ఏడాది, ఏడాదిన్నరకోసారి రబ్బరు మార్చాలి, అంతకుముందే అది వదులై గాడిలోంచి జారుతున్నా, పగులు కనిపించినా ఆ రోజే మార్చేయాలి.

వండటంలో అందరినీ ఎక్కువగా విసిగించేది డిస్‌ప్లే మీద బర్న్ అని వచ్చి కుక్కర్ ఆగిపోవడం. గిన్నె అడుగు మరీ వేడెక్కిందని కింద ఉన్న సెన్సర్ పసిగట్టి హీటర్ని ఆపేస్తుంది, అంతే, పాడైపోయినట్టు కాదు. దీనికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఉల్లిపాయలో మాంసమో వేయించినప్పుడు అడుగున పట్టిన పొరని గోకకుండా మూత పెట్టేయడం. వేయించాక అర కప్పు నీళ్లు పోసి చెక్క గరిటెతో అడుగంతా శుభ్రంగా గీకండి, ఆ గోధుమరంగు పొర నీళ్లలో కలిస్తే వంటకి రుచి కూడా అదే ఇస్తుంది. తర్వాత మిగిలిన నీళ్లు, ఆపైన మాంసం, కూరగాయలు, అన్నిటికంటే పైన టమాటా గుజ్జు లాంటి చిక్కటివి. కలపకుండా మూత పెట్టేయండి. పాలు, క్రీమ్, చిక్కదనం కోసం వేసే పిండి ఇవన్నీ మూత తీశాకే.

గింజలకి ఇంతకంటే మంచి పాత్ర ఇంకోటి లేదు. నానబెట్టిన తెల్ల శనగలు 12 నుంచి 15 నిమిషాల్లో ఉడుకుతాయి, నానబెట్టకపోతే 40 నుంచి 45 పెట్టాలి. నానబెట్టే నీళ్లలో ఉప్పు వేస్తే తొక్క బాగా మెత్తబడుతుంది, నిమ్మరసం, టమాటా లాంటి పులుపు మాత్రం ఉడికాకే వేయండి, ముందే వేస్తే గింజ గట్టిగానే ఉండిపోతుంది. చెంచా నూనె వేస్తే నురుగు అణుగుతుంది. ఇవి ఉడికాక వాల్వ్ తిప్పి ఆవిరి ఒక్కసారిగా వదలొద్దు, నురుగు నీళ్లు వాల్వ్‌లోంచి చిమ్ముతాయి, గింజలు పగిలిపోతాయి. మాంసానికీ అంతే, ప్రెషర్ ఉన్నపళంగా పోతే లోపలి రసం బుడగలు బుడగలుగా మరిగి ముక్క పీచులా తయారవుతుంది. కోడి ముక్కలకి 8 నుంచి 10 నిమిషాలు, ముదురు మాంసానికి 35 నుంచి 40, తర్వాత కనీసం పావుగంట దాన్ని కదపకండి. పరిమాణం రెట్టింపు చేస్తే ఉడికే టైమ్ రెట్టింపు చేయక్కర్లేదు, టైమ్ నిర్ణయించేది ముక్క మందం, ఎన్ని ముక్కలున్నాయన్నది కాదు.

అన్నానికి కడిగిన తెల్ల బియ్యం ఎంతో నీళ్లూ అంతే. మూత తెరిచి వండేటప్పుడు ఎక్కువ పోసే నీళ్లు ఆవిరైపోవడానికి, ఇక్కడ పోయే ఆవిరే తక్కువ, అందుకే పాత కొలత పోస్తే ముద్దవుతుంది. ఐదారు నిమిషాలు ఉడికించి పది నిమిషాలు వదిలేస్తే పొడిపొడిగా వస్తుంది. గుడ్లయితే స్టాండు మీద పెట్టి 5 నిమిషాలు ఉడికించి, 5 నిమిషాలు వదిలి, 5 నిమిషాలు చన్నీళ్లలో వేస్తే పెంకు చేతిలోకి ఊడొస్తుంది.

నచ్చనివీ ఉన్నాయి. మధ్యలో మూత తీసి రుచి చూడటం కుదరదు, ఉప్పు తేడా ఉంటే చివర్లోనే తెలుస్తుంది. నీళ్లు ఇగరవు కాబట్టి గ్రేవీ పల్చగా వస్తుంది, మూత తీశాక మళ్లీ వేయించే మోడ్‌లో ఐదారు నిమిషాలు మరగనివ్వాల్సిందే. ఆకుకూరలకీ లేత కూరగాయలకీ దీన్ని తీయడం దండగ, మామూలు గిన్నెలో అంతకంటే ముందే అయిపోతాయి. సముద్రమట్టానికి బాగా ఎత్తైన చోట ఉండేవాళ్లు టైమ్ పెంచుకోవాలి, 2000 అడుగులు దాటాక ప్రతి 1000 అడుగులకీ 5 శాతం చొప్పున పెంచడం వాడుకలో ఉన్న లెక్క.

భద్రత గురించి భయపడేవాళ్లు చాలామంది కనిపిస్తారు. 1679లో డెనీ పాపాఁ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఆవిరితో ఎముకల్ని మెత్తబరిచే పాత్ర చూపించిన తర్వాత కొద్దికాలానికే దానికి సేఫ్టీ వాల్వ్ కూడా తెచ్చాడు, ఇప్పటి కుక్కర్లలో దానికి తోడు వేడిని చూసే సెన్సర్, ప్రెషర్ ఉండగా మూత తిరగనివ్వని లాక్ ఉంటాయి. మన వంతు చేయాల్సింది కొంచెమే: పిన్ను దిగకముందు మూతని బలవంతంగా తిప్పొద్దు, వాల్వ్ తెరిచేటప్పుడు మొహం, చెయ్యి దాని మీదికి పెట్టొద్దు, పైన చెక్క అల్మరా ఉంటే కుక్కర్ని ముందుకి జరిపి ఆవిరి వదలండి. మూత లోపలి వైపు వాల్వ్ మీదుండే చిన్న జాలీ మూతని ప్రతిసారీ ఊడదీసి కడగండి, వెనకాల నీళ్లు పడే చిన్న డబ్బాని కూడా చూడండి, చాలామందికి అది ఉందనే తెలియదు, బూజు పట్టేది అక్కడే. నెలల తరబడి నిల్వ ఉండేలా సీసాల్లో కూరగాయలూ మాంసమూ సీల్ చేసుకోవడానికి మాత్రం దీన్ని వాడకండి, ఆ పనికి కావాల్సిన వేడి ఇందులో నమ్మకంగా రాదు.

టైమర్ పెట్టి ఆలస్యంగా మొదలయ్యే మోడ్‌ని నేను బాగా వాడతాను. రాత్రి శనగలు నీళ్లు పోసి పెట్టేస్తే అక్కడే నాని తెల్లారేసరికి ఉడికి ఉంటాయి. పచ్చి మాంసం, చేపలు, పాలు మాత్రం అలా గంటల తరబడి గిన్నెలో వదలకండి, వాటిని వండే వేళకే ఫ్రిజ్‌లోంచి తీసి వేయండి.