సబ్జెక్టులు కలిపి చెప్పిన యూనిట్‌ను సరిచూసుకోవడానికి ఏది మేలు: మీటింగా, క్లాసులో కూర్చోవడమా, పిల్లల నోటుపుస్తకాలా?

మా హైస్కూల్లో ఎనిమిదో తరగతికి నలుగురం టీచర్లం కలిసి ఒక యూనిట్ చెబుతున్నాం. విషయం ఫ్లోరైడ్ నీళ్లు. నల్లగొండ జిల్లాలో మా పిల్లలకు ఇంతకన్నా దగ్గరి విషయం ఇంకొకటి లేదు. ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నా, కాళ్లు వంకర్లు పోయిన తాతలు, నాయనమ్మలు వాళ్ల ఇళ్లల్లో ఇంకా ఉన్నారు. పళ్లకు, ఎముకలకు ఏమవుతుందో బయాలజీలో నేను చెబుతాను. లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు, అనుపాతం, గ్రాఫు లెక్కల సార్ చూసుకుంటారు. బోర్లు, భూగర్భజలం, మ్యాపు సోషల్ మేడం చెబుతారు. తెలుగు సార్ సర్పంచ్‌కు వినతిపత్రం రాయిస్తారు.

కలిసి చెప్పడం ఒక ఎత్తు. చెప్పాక అందులో ఏది పిల్లలకు చేరింది, ఏది మార్చాలి అని కలిసి చూసుకోవడం ఇంకో ఎత్తు. దానికి మేం మూడు పద్ధతులు ప్రయత్నించాం.

మొదటి ఏడాది అందరూ చేసేదే చేశాం. యూనిట్ అయిపోయాక స్టాఫ్ రూమ్‌లో కూర్చున్నాం. "పిల్లలు బాగా ఇంట్రెస్ట్ చూపించారు", "టైమ్ సరిపోలేదు", "వచ్చే ఏడాది ఇంకాస్త ముందు మొదలుపెడదాం." ఇరవై నిమిషాల్లో అయిపోయింది. అన్నవన్నీ నిజాలే, కానీ వాటితో యూనిట్‌లో ఒక్క పీరియడ్ కూడా మారలేదు. నెల రోజుల తర్వాత గుర్తుండేది గోలగోలగా, సరదాగా గడిచిన రోజు మాత్రమే. పైగా ఎవరి సబ్జెక్టు గురించి వాళ్లే మాట్లాడతారు. మనకంటే ఇరవై ఏళ్లు సీనియర్ అయిన సార్‌తో "మీ భాగం పిల్లలకు అందలేదండీ" అని ఎవరంటారు? పీరియడ్ ప్లాన్‌లో "ఉపాధ్యాయుని ప్రతిస్పందనలు" అని ఒక గడి ఉంటుంది కదా, అది ఒక విధంగా ఈ మీటింగ్ కన్నా నయం. పాఠం చెప్పిన రోజే రాస్తాం కాబట్టి మరుపు ఉండదు. కానీ అది ఒంటరిగా రాసుకునేది, పక్క సబ్జెక్టు టీచర్ ఎప్పుడూ చదవరు.

రెండో ఏడాది నోటుపుస్తకాలు తీశాం. ఆరుగురు పిల్లల్ని ఎంచుకున్నాం: బాగా చదివేవాళ్లు ఇద్దరు, మధ్యరకం ఇద్దరు, వెనకబడ్డవాళ్లు ఇద్దరు. సబ్జెక్టు వారీగా కాకుండా పిల్లల వారీగా పుస్తకాలు పరిచాం. అంటే ఒక్కో పిల్లవాడి నాలుగు సబ్జెక్టుల రాతా ఒకేచోట పెట్టి నలుగురం చదివాం.

లెక్కల పుస్తకంలో అయిదు బోర్ల పట్టిక, గ్రాఫు, ఫ్లోరైడ్ హద్దుగా 1.5 మిల్లీగ్రాముల దగ్గర ఎర్ర గీత. ఆరుగురిలో అయిదుగురివి సరిగ్గా ఉన్నాయి. బయాలజీ కూడా ఫరవాలేదు. తర్వాత వినతిపత్రాలు తీశాం. "మా ఊరి నీళ్లు బాగాలేవు, కావున దయచేసి మంచి నీళ్లు ఇప్పించగలరు." ఆరింటిలో ఒక్కదాంట్లో కూడా ఒక్క అంకె లేదు. తేదీ, చిరునామా, సంబోధన, సంతకం అన్నీ సరిగ్గా ఉన్నాయి కాబట్టి తెలుగు సార్ మంచి మార్కులు వేశారు. గ్రాఫు సరిగ్గా ఉంది కాబట్టి లెక్కల సార్ కూడా వేశారు. ఇద్దరి దిద్దుబాటులోనూ తప్పు లేదు. కానీ బోరులో ఫ్లోరైడ్ ఎంతుందో లెక్క కట్టిన పిల్ల, అదే సంగతి సర్పంచ్‌కు చెప్పాలని అనుకోలేదు. ఎందుకంటే మేం వినతిపత్రం మొదటి వారంలో రాయించాం, గ్రాఫు మూడో వారంలో గీయించాం. మా టైమ్ టేబుల్‌కు అలా కుదిరింది మరి.

ఇంకో తప్పు నాదే. ఒక అమ్మాయి నా నోట్సులో ఫ్లోరైడ్ హద్దు 1.5 అని, సోషల్ నోట్సులో 1.0 అని రాసింది. రెండూ మేం చెప్పినవే. భారతీయ ప్రమాణాల సంస్థ లెక్క ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు, వేరే నీళ్లు దొరకని చోట మాత్రం 1.5 వరకు ఒప్పుకుంటారు. నేను ఒక సగం చెప్పాను, మేడం ఇంకో సగం చెప్పారు. ఆ అమ్మాయి రెండూ బట్టీ పట్టింది, ఎవరినీ అడగలేదు. నెల రోజులు పక్కపక్క కుర్చీల్లో కూర్చుని కూడా మేమిద్దరం ఈ మాట అనుకోలేదు. ఆ రోజు ఎవరికీ కోపం రాలేదు, ఎందుకంటే తప్పు చూపించింది మనిషి కాదు, కాగితం.

మూడోది ఒకరి క్లాసులో మరొకరు కూర్చోవడం. జపాన్‌లో దీన్ని జుగ్యో కెన్‌క్యూ అంటారు, అక్కడి బడుల్లో వందేళ్లకు పైగా ఉన్న అలవాటు. పాఠం అందరూ కలిసి తయారు చేస్తారు, ఒకరు చెబుతారు, మిగతావాళ్లు టీచర్‌ను కాదు, పిల్లల్ని గమనిస్తారు. మేం ఒక్కసారే చేశాం, గ్రాఫు పాఠానికి. మూడో బెంచీలో ఒకబ్బాయి పుస్తకం దాదాపు ఖాళీ. కానీ పక్కవాడికి గుసగుసగా చెబుతున్నాడు: "గీత దాటిన బోరు నీళ్లే మా తాత తాగిండు, అందుకే బొక్కలు వంగినయ్." గ్రాఫును, ఎముకలను, తన ఇంటిని వాడొక్కడే కలిపాడు. పుస్తకాలు మాత్రమే చూసి ఉంటే వాడికి ఏమీ రాదని రాసుకునేవాళ్లం.

మరి ఇదే అన్నిటికన్నా మేలు కదా అంటారేమో. అలా అనలేను. ఇద్దరు టీచర్లు ఒక క్లాసులో కూర్చుంటే రెండు క్లాసులు టీచర్ లేకుండా ఉంటాయి. మాలాంటి చిన్న బడిలో హెచ్‌ఎం గారు దానికి నెలకోసారి కూడా ఒప్పుకోలేరు. పైగా వెనక ఎవరైనా కూర్చుంటే ఇన్‌స్పెక్షన్ టెన్షన్ వస్తుంది. ఆ రోజు లెక్కల సార్ చెయ్యి చాక్‌పీస్ పట్టుకుని వణకడం నేను చూశాను.

అందుకే, ఒక్కటే చేసే వీలుంటే నోటుపుస్తకాలే పరచండి. గంటన్నర చాలు, ఏ క్లాసూ ఖాళీగా ఉండదు, సబ్జెక్టుకూ సబ్జెక్టుకూ మధ్య పిల్లవాడు ఎక్కడ జారిపోయాడో కనబడుతుంది. క్లాసులో కూర్చోవడం ఏడాదికి ఒక్కసారి, రెండు సబ్జెక్టులు కలిసే పాఠానికి మాత్రమే దాచుకోండి. మీటింగ్ పెట్టుకోండి, కానీ పుస్తకాలు చూశాకే, అదీ ఏం మార్చాలో తేల్చుకోవడానికే. జాతీయ విద్యావిధానం 2020 టీచర్లకు ఏటా కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంటోంది. ఈ గంటన్నరను కూడా అందులో లెక్కవేస్తే బాగుండునని నా గట్టి కోరిక.

ఈ ఏడాది వినతిపత్రాన్ని గ్రాఫు తర్వాతికి జరిపాం. అందులో కనీసం ఒక బోరు లెక్క ఉండాలి. 1.0 ఎప్పుడు, 1.5 ఎప్పుడు అన్నది నేనూ మేడం ఒకే వాక్యంగా రాసుకున్నాం, రెండు క్లాసుల్లోనూ అదే చెబుతాం. మూడో బెంచీ అబ్బాయి చెబుతుంటే పక్కవాడు రాస్తాడు, కింద ఇద్దరూ సంతకం పెడతారు.