ఎంజీబీలో స్మాగ్ సామాను పీకేయాలా? కాలిఫోర్నియాలో ఏళ్లుగా నడుపుతున్నవాడిగా నా మాట

నాది 1977 మోడల్ ఎంజీబీ (బ్రిటన్‌లో తయారైన పాత స్పోర్ట్స్ కారు), నల్ల రబ్బరు బంపర్ల రకం. శాన్ హోసేలో ఏళ్లుగా నడుపుతున్నాను. బానెట్ ఎత్తితే చాలు, చూసినవాళ్ల కళ్లు ముందున్న ఎయిర్ పంప్ మీద పడతాయి. ఎగ్జాస్ట్‌లోకి గాలి ఊదే పంప్ ఇది, స్మాగ్ సామాను అనే పొగ తగ్గించే పరికరాల్లో ఒకటి. "ఇంకా ఉంచావా? పీకేయ్, పికప్ వస్తుంది" అంటారు. పాత కార్ల మెకానిక్‌లు కొందరు కూడా ఇదే చెప్పారు. నేను పీకలేదు. పీకొద్దనే మీకూ చెబుతాను.

ముందు పికప్ సంగతి. 1975 నుంచి అమెరికాకు వచ్చిన ఎంజీబీ ఇంజిన్ బలం సుమారు 62 హార్స్‌పవర్. 1798 సీసీ ఇంజిన్‌కి అది తక్కువే. కానీ దానికి కారణం ఎయిర్ పంప్ కాదు. బ్రిటన్‌లో అమ్మిన కార్లకు చివరిదాకా రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు ఉన్నాయి, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, పెట్రోలు నొక్కే నిష్పత్తి) దాదాపు 9కి 1. అమెరికాకొచ్చిన వాటికి ఒకే ఒక్క జెనిత్ స్ట్రామ్‌బర్గ్ కార్బొరేటర్, కంప్రెషన్ 8కి 1. బలం పోయింది అక్కడ. పంప్‌ని తిప్పడానికి బెల్టు లాక్కునే శక్తి చాలా కొద్ది. ఈజీఆర్ వాల్వ్ (కాలిన పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) అయితే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మూసుకునే ఉంటుంది. అది తీసేసి ఇగ్నిషన్ టైమింగ్ అలాగే వదిలేస్తే పికప్ రాదు, ఎత్తు ఎక్కేటప్పుడు నాకింగ్ వస్తుంది.

మరి ఈ కార్లు ఎందుకంత బద్ధకంగా, తడబడుతూ నడుస్తాయి? నేను చూసినంతలో ఎక్కువసార్లు గట్టిపడి చీలిన వ్యాక్యూమ్ గొట్టాలే. నా కారు ఐడిల్‌లో ఊగిపోయేది. గొట్టాలన్నీ మార్చి, లోపలి పొర చిరిగిన గల్ప్ వాల్వ్ (యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజిన్‌లోకి కొంత గాలి పంపేది) కూడా మార్చాక ఐడిల్ నిలకడగా ఉంది. సామాను పీకినవాళ్లలో కొందరికి కారు నిజంగానే బాగుపడుతుంది. లీకయ్యే గొట్టాలు కూడా దాంతోపాటే పోయాయి కాబట్టి. మంచిపేరు మాత్రం పీకడానికి వస్తుంది.

పంప్ అరిస్తే వెంటనే కొత్త పంప్ కొనకండి. దాని వెనక చెక్ వాల్వ్ ఉంటుంది, గాలిని ఎగ్జాస్ట్ వైపు మాత్రమే పోనిచ్చేది. నా కారులో ఆ గొట్టం విప్పితే లోపలంతా నల్లటి మసి, రబ్బరు చివర కాలి పెళుసుబారింది. అంటే వేడి పొగ వెనక్కి వచ్చి పంప్‌ని తినేస్తోందన్నమాట. వాల్వ్ విప్పి నోటితో ఊదితే రెండువైపులా గాలి పోయింది. ముందు అది మార్చి, ఆ తర్వాతే రీబిల్డ్ చేసిన పంప్ బిగించాను. మళ్లీ అరవలేదు. ఈజీఆర్ పరీక్ష ఇంకా తేలిక. ఐడిల్‌లో ఉండగా, గ్లవ్స్ వేసుకుని, వాల్వ్ లోపలి పొరను వేళ్లతో పైకి నెట్టండి. ఇంజిన్ తడబడితే బాగున్నట్టు. ఏమీ కాకపోతే దారి మసితో పూడుకుపోయింది, గీకి శుభ్రం చేయాలి.

చార్‌కోల్ క్యానిస్టర్‌ని మాత్రం ఏ రాష్ట్రంలో ఉన్నా ముట్టుకోవద్దు. ట్యాంకులోని పెట్రోలు ఆవిరి ఇందులోకే వస్తుంది. తీసేస్తే గరాజ్ అంతా పెట్రోలు వాసన, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ ఆలోచనే వద్దు. ఇంకోటి, ఇంజిన్ అడుగుభాగం (క్రాంక్‌కేస్) లోపలికి శుభ్రమైన గాలి పోయేది కూడా ఈ డబ్బా గుండానే, రాకర్ కవర్ (ఇంజిన్ పైమూత) వెనకున్న సన్న గొట్టంలోంచి. క్యానిస్టర్ తీసి ఆ గొట్టాన్ని మూసేస్తే ఇంజిన్‌కి ఊపిరాడదు. మూయకుండా వదిలేస్తే దుమ్ము లోపలికి పోతుంది.

ఇక చట్టం. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడళ్లకు స్మాగ్ చెక్ (పొగ పరీక్ష) లేదు. 1976 నుంచి రెండేళ్లకోసారి తప్పదు. ఇండియాలో పొల్యూషన్ సర్టిఫికెట్‌కి సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, సీఓ (కార్బన్ మోనాక్సైడ్), హెచ్‌సీ (కాలని పెట్రోలు) చూసి కాగితం చేతిలో పెడతారు. ఇక్కడ బానెట్ కింద కూడా చూస్తారు. ఉండాల్సిన వస్తువు ఒక్కటి లేకపోయినా, పొగ ఎంత శుభ్రంగా ఉన్నా ఫెయిలే. మామూలు వెబర్ కార్బొరేటర్ బిగించినా, దానికి కార్బ్ (కాలిఫోర్నియా గాలి కాలుష్య నియంత్రణ సంస్థ, CARB) ఇచ్చే అనుమతి నంబరు లేకపోతే అంతే. దాంతోపాటు మా ప్రాంతంలో రోలర్ల మీద గంటకు 15, 25 మైళ్ల వేగంలో హెచ్‌సీ, సీఓ, నైట్రోజన్ ఆక్సైడ్లు కొలుస్తారు. పెట్రోలు ఆవిరి లీకవుతోందేమో కూడా చూస్తారు. పరీక్షకు వెళ్లేముందు ఇరవై నిమిషాలు ఫ్రీవే మీద నడపండి. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కితేనే పనిచేస్తుంది.

ఇబ్బందులు లేవని అనను. బానెట్ కింద చెయ్యి పెట్టే చోటు లేదు, ప్లగ్‌లు మార్చాలంటే ఓపిక కావాలి. పార్టులు దొరకడం ఏటేటా కష్టమవుతోంది. కన్వర్టర్ సరిగ్గా మానిఫోల్డ్ కిందే ఉండటం నాకు నిజంగా టెన్షన్. మిస్‌ఫైర్‌తో నడిపితే కాలని పెట్రోలు అందులోకి పోయి, అది ఎర్రగా కాలి మానిఫోల్డ్ పగులుతుంది. అందుకే ఇగ్నిషన్ విషయంలో చిన్న తేడా వచ్చినా బండి బయటికి తీయను.

మీది 1975 లేదా అంతకుముందు మోడలై, పంప్ పాడైపోయి, మళ్లీ దొరకకపోతే? అప్పుడు కూడా ఫెడరల్ చట్టం ఇలాంటివి తీయడాన్ని ఒప్పుకోదు, కాబట్టి నేనైతే బాగుచేయించడానికే చూస్తాను.

కొనేవాళ్లకు ఒక్క మాట. కాలిఫోర్నియాలో స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది అమ్మేవాడే. "పాస్ అవుతుంది, నువ్వే చేయించుకో" అంటే బేరం అక్కడితో ఆపేయండి. "పీకిన సామానంతా డబ్బాలో ఉంది" అంటే ఆ డబ్బా తెరిపించి పంప్, చెక్ వాల్వ్, గల్ప్ వాల్వ్, ఈజీఆర్, క్యానిస్టర్, కన్వర్టర్ ఒక్కొక్కటే చూసుకుని, ఆ తర్వాతే ధర మాట్లాడండి.